పదిహేను పాయింట్ల చెయ్యి

ఆమెకి కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువేం కాదు, సరిపడా ఉంది. ఎదుటివాళ్ళ బుర్రలు సరిగ్గా పనిచేస్తే అందులో సగం కూడా ఖర్చు పెట్టక్కర్లేదని ఆమె అభిప్రాయం. ఆ అభిప్రాయంలో తప్పు పట్టబోయినవాళ్ళు ఇంతవరకూ బాగుపడలేదు.

పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ఆమె కాటాయే. హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీలో ఇరవై రెండేళ్ళ నుంచి పని. తడిబట్టల మూట రెండు చేతులతో ఎత్తి, ఒకసారి ఊపి చూసి, "ముప్ఫై ఒకటిన్నర" అనేది. తీసుకెళ్ళి కాటా మీద పడేస్తే ముల్లు సరిగ్గా అక్కడికే వచ్చి ఆగేది. మేనేజరు ఒకసారి నమ్మక మూడు మూటలు వరసగా తూయించాడు. మూడోదానికి నోరు మూసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ కిందట ఆ లాండ్రీలోనే ఆమె ఎడమ చెయ్యి పోయింది. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ల యంత్రం ముందు ఒక కడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే యంత్రం ఆగిపోవాలి. ఆగలేదు. ఆస్పత్రిలో మణికట్టు దాకా తీసేశారు. తిరిగొచ్చాక "నీకు తేలిక పని ఇస్తున్నాం" అని చెప్పి, మూటల వివరాలు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. తేలిక పనట! ఎత్తి చూడకుండా బరువు ఎలా తెలుస్తుంది? ఆ కుర్చీని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మండుతుంది.

అది ఒంటికి ఉన్న చెయ్యి సంగతి. ఇప్పుడు చెప్పేది కాగితం మీద చెయ్యి సంగతి. దాని మీద వచ్చిన కోపం ముందు లాండ్రీ మీద కోపం ఏ మూలకీ చాలదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం కాటా వాళ్ళ బావ ప్రెస్సులో, వెనక గదిలో, ఐదుగురు కూర్చుని ఆట ఆడతారు. బావ అంటే సొంత అక్క మొగుడు. రసీదు పుస్తకాలూ సీసాల మీద అంటించే చీటీలూ అచ్చువేస్తాడు. మనిషి భారీ, నవ్వు అంతకన్నా భారీ. అక్క అదే ప్రెస్సులో పుస్తకాలు కుడుతుంది. నోట్లో నాలుక లేని మనిషి. మిగతా ఇద్దరిలో ఒకరు పక్క వీధి దర్జీ, ఇంకొకరు మందుల షాపు నడిపే పెద్దాయన.

ఆట పెద్ద చిక్కుదేం కాదు. ఒకరు కథ నడుపుతారు, అది కాటా. మిగతా నలుగురికీ తలా ఒక వీరుడు, ఆ వీరుడి వివరాలు ఒక కాగితం మీద. "పాత మిల్లు తలుపు తెరిచుంది, లోపల ఆరుగురు దొంగలు" అని కాటా అంటే, తమ వీరుడు ఏం చేస్తాడో ఎవరికి వాళ్ళు చెప్పాలి. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఒక్కో వీరుడికి మొదట వంద పాయింట్లు. వాటితో బలాలు కొనుక్కోవచ్చు. గురి, వేగం, కవచం, ఒకే వంతులో రెండో దెబ్బ, ఇలాంటివి. చెవుడో పిరికితనమో, ఏదో ఒక లోటు ఒప్పుకుంటే కొన్ని పాయింట్లు తిరిగొస్తాయి, వాటితో ఇంకో బలం కొనుక్కోవచ్చు.

ఏ బలానికి ఎంత ధర, ఏ లోటుకి ఎన్ని తిరిగివ్వాలి అన్నది మాత్రం పూర్తిగా కాటా కష్టార్జితం. తువ్వాళ్ళు ఆరడానికి నలభై నిమిషాలు పడుతుంది. తోటివాళ్ళు ఆ నలభై నిమిషాలూ కబుర్లు చెప్పుకుంటుంటే ఆమె బట్టలు మడతపెట్టే బల్ల మీద పాచికలు వేసుకుంటూ కూర్చునేది. ఇద్దరు వీరులు, ఇద్దరికీ సమానంగా పాయింట్లు. ఒకడికి కొత్త బలం, రెండోవాడికి అదే ధరకి పాత బలాలు. ఇద్దరినీ వందసార్లు కొట్టించేది. చెరి యాభై గెలిస్తే ధర సరైనది. ఒకడు అరవై గెలిచాడా, ధర పెరగాల్సిందే. అలా ముప్ఫై ఎనిమిది బలాలు, పద్నాలుగు లోట్లు. ఆరేళ్ళు పట్టింది.

"ఒక్క ధర తప్పినా ఆట చచ్చిపోతుంది" అనేది. "చవగ్గా దొరికే బలం ఒకటుందనుకోండి, అందరూ అదే కొంటారు. నలుగురు వీరులూ ఒకే మనిషైపోతారు. ఇంక నేనెవడికి కథ చెప్పాలి?"

రెండో దెబ్బ మొదట్లో పది పాయింట్లే. బావ అది కొనుక్కుని మూడు ఆదివారాలు దొంగల్ని గడ్డి కోసినట్టు కోశాడు. నాలుగో ఆదివారానికి కాటా దాన్ని ఇరవై నాలుగు చేసేసింది. బావ నెల్లాళ్ళు మాట్లాడటం మానేశాడు. ఆమెకి ఆ నెల ప్రశాంతంగా గడిచింది.

ఈ ఏడాది బావకి బుద్ధి పుట్టి, ఆటని పుస్తకంగా అచ్చువేస్తానన్నాడు. అట్ట మీద రెండో వరసలో "ధరలు: కాటా" అని వేస్తానన్నాడు. ఆమె "ఏదో ఒకటి ఏడవండి" అంది గానీ, ఆ వారమంతా లాండ్రీలో ఎవర్నీ తిట్టలేదు.

శనివారం ప్రూఫులు ఇంటికొచ్చాయి. సోమవారం అచ్చు. నలభై ఒకటో పేజీ దాకా హాయిగా చదివింది. అక్కడ ఇలా ఉంది: "ఒక చెయ్యి లేదు. తిరిగి వచ్చేవి 15 పాయింట్లు." కింద బావ సొంతంగా చేర్చిన ముక్క: "కొత్తగా ఆడేవారికి సూచన: ఈ లోటు తప్పక తీసుకోండి. పోయేదేమీ లేదు."

మూడుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి. పోయేదేమీ లేదా! కాగితం నలిపేద్దామనుకుంది. ఒక్క చేత్తో అంత పెద్ద కాగితం సరిగ్గా నలగదు కూడా. దాంతో కోపం రెట్టింపైంది.

ఇంకా మండింది ఎందుకంటే, ఆ పదిహేను ఆమె పెట్టిందే. ఐదేళ్ళ కిందట, రెండు చేతులూ ఉన్న రోజుల్లో. చెయ్యి లేనివాడు డాలు పట్టలేడు, అదే కదా నష్టం అనుకుని వందసార్లు కొట్టించి, పదిహేను ఇస్తే చెరిసగం వస్తుందని రాసేసింది. ఆ వంద పోరాటాల్లోనూ వీరుడు కవచం తొడుక్కుని, కత్తి దూసి, తయారుగా నిలబడే ఉన్నాడు. ఆ కవచం పట్టీలు ఎవరు కట్టారు? ఆమె అడగలేదు. పైగా, అసలు డాలు వాడని వీరుడికి అది లోటే కాదు, ఊరికే వచ్చిన పదిహేను పాయింట్లు. అందుకే బావ వీరుడూ, దర్జీ వీరుడూ, మందులాయన వీరుడూ ముగ్గురూ ఒంటిచేతివాళ్ళే. అక్క ఆడే వైద్యురాలికి మాత్రం రెండు చేతులున్నాయి.

ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి ఆదివారం ఆ ముగ్గురూ నేల చూపులు చూస్తూ "మా వీరుల్ని మార్చేస్తాం" అన్నారు. "అక్కర్లేదు, ఆట ఆటే" అని కసిరింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు, ఆమె కూడా.

ఆదివారం మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్ళీ వెళ్ళగానే ప్రూఫుల కట్ట బల్ల మీద విసిరికొట్టింది.

"బావా, నలభై ఒకటో పేజీ. ఎవరు రాశారది?"

"నేనే. ఏం, అచ్చుతప్పా?"

"తప్పు అచ్చులో లేదు, మీ బుర్రలో ఉంది. పోయేదేమీ లేదా? ఎవరికి?"

బావ మొహంలో నవ్వు సగంలో ఆగింది. "అబ్బ, ఆటలో అన్నాను కాటా! మన వీరులకి ఏం పోయింది చెప్పు. ఒంటిచేత్తో నలుగురేసి దొంగల్ని కొడుతున్నారు."

"అదే నేను చెప్పేది. ధర తప్పు. పదిహేను ఇవ్వకూడదు."

"మరెంత, సున్నా? సున్నా అయితే ఎవడు తీసుకుంటాడు ఆ లోటు?"

"నేను తీసుకున్నాను కదా. నాకెన్నిచ్చారు?"

దర్జీ తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. బావ గొంతు సవరించుకుని, "అది వేరు, ఇది వేరు. అచ్చు ప్లేట్లు కూడా తయారైపోయాయి. పోనీ ఆ సూచన తీసేస్తాలే" అన్నాడు.

"సూచన తీసేస్తే చాలదు. ధర మార్చాలి. లేదంటే అట్ట మీద నా పేరు తీసేయండి, నా ధరలన్నీ తీసేయండి, వచ్చే ఆదివారం నుంచి కథ కూడా మీరే చెప్పుకోండి."

తాడో పేడో తేల్చుకోవడానికే వచ్చిందని అందరికీ అర్థమైంది. కాటా లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే ఆమెకీ వారమంతా ఆ కుర్చీ తప్ప ఇంకేం లేదు. అది తెలిసే అంది.

"ఒక్క పోరాటం పెడతాను" అంది. "మీ ముగ్గురూ గెలిస్తే ఆ పేజీ ఉన్నదున్నట్టు అచ్చేసుకోండి, నేను నోరెత్తను. ఎడమ చేతులు వెనక్కి పెట్టండి. నడుం పట్టీలో దోపుకోండి, బావా, మీ చెయ్యి ఊరికే బయటికొచ్చేస్తుంది. వీరుడు చెయ్యాల్సిన పని మీ చేత్తోనే చెయ్యాలి."

మూల కుర్చీలో సూది పట్టుకుని కూర్చున్న అక్క లేవబోయింది. "నువ్వుండవే, నీ వైద్యురాలు ఊరెళ్ళింది" అని కాటా ఆపింది.

"మీ వీరులు అన్నం దగ్గర కూర్చున్నారు. కవచాలు పక్కన విప్పి పెట్టుకున్నారు. దొంగలొచ్చారు. కవచం తొడుక్కోవాలంటే ఇదిగో పురికొస, బల్ల కాలికి ముడెయ్యండి. కొట్టాలంటే బల్ల మీదున్న డబ్బా మూత తీసి పాచికలు తీసుకోండి. గోడ మీద గడియారం చూస్తుంటాను. నిమిషానికో వంతు దొంగలది." తన జేబులో విడిగా ఉంచుకున్న రెండు పాచికలు తీసి, "కానివ్వండి" అంది.

ఆ తర్వాత జరిగింది చూసి మామూలు రోజైతే ఐదుగురూ పడీపడీ నవ్వేవాళ్ళు. దర్జీ బల్ల కిందకి దూరి, పురికొస ఒక కొస పళ్ళతో పట్టుకుని, మూడు నిమిషాలకి ముడివేశాడు. అది కాస్తా లాగగానే ఊడిపోయింది. మందులాయన కూడా పళ్ళే వాడబోయి, అవి కట్టుడు పళ్ళని గుర్తొచ్చి ఆగిపోయాడు. బావ పాచికల డబ్బా మీద పడ్డాడు. పాత రేకు డబ్బా, మర మూత. పొట్టకేసి నొక్కాడు, మోకాళ్ళ మధ్య ఇరికించాడు, చంకలో పెట్టుకుని తిప్పాడు. డబ్బా తిరిగింది గానీ మూత కదల్లేదు. కాటా నిమిషానికోసారి పాచికలు వేస్తూ, "బావ వీరుడికి రెండు దెబ్బలు. మందులాయన వీరుడికి ఒకటి" అని చదువుతూ పోయింది. ఏడో నిమిషానికి బావ వీరుడు పడిపోయాడు.

బావకి చెమటతో పాటు కోపం కూడా పట్టింది. డబ్బాని బల్ల మీద కుదేశాడు. "ఇది రెండు చేతులున్నవాడికి కూడా రాదు! మోసం ఇది. నువ్వు తియ్యి చూద్దాం. ప్రతి ఆదివారం బొటనవేలితో టక్కున తీస్తావుగా!"

"తీస్తాను. దీనికింత గోలెందుకు?" అని కాటా డబ్బా అందుకుంది. ఎప్పటిలాగే అరచేత్తో పట్టుకుని బొటనవేలితో తోసింది. మూత రాలేదు. ఇంకోసారి తోసింది. డబ్బాని బల్ల అంచుకి ఆనించి, మోచేతితో అదిమి తిప్పింది. వేళ్ళు జారిపోయాయి. రెండేళ్ళుగా ప్రతి వారం తీస్తున్న మూత ఇది. వాడివాడి వదులైందనుకుంది. మరి ఇవాళ ఏమొచ్చింది దీనికి?

ప్రతి ఆదివారం అక్క తెచ్చే డబ్బాని ఇవాళ ఇంటి నుంచి బావ తెచ్చాడు. అక్క పొద్దున్నుంచీ ప్రెస్సులోనే ఉంది.

అక్క సూది పక్కన పెట్టి లేచింది. కాటా చేతిలోంచి డబ్బా తీసుకుని, రెండు చేతులతో గట్టిగా ఒక్క తిప్పు తిప్పింది. మూత కదిలాక పూర్తిగా తియ్యకుండా, మళ్ళీ పైపైన ఆనించి, కాటా ముందు పెట్టింది. ఇంటి దగ్గర ప్రతి ఆదివారం ఎలా చేస్తుందో అలాగే చేసింది. అలవాటుపడిన చేతులు మరి.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని?" అంది కాటా.

"నువ్వు తిరిగొచ్చిన మొదటి ఆదివారం నుంచి."

"ఇంకేం చేస్తున్నావు?"

అక్క బల్ల వైపు చూసింది. కాటా కూడా చూసింది. పెన్సిళ్ళు చెక్కి ఉన్నాయి. కాగితాలు జారకుండా పలకకి పిన్ను పెట్టి ఉన్నాయి. ఫ్లాస్కు మూత వదులుగా ఉంది.

"నిన్నెవరడిగారు? నేనడిగానా? నాకు చేతకాదని నువ్వే తీర్మానించేసుకున్నావా? అందరి ముందూ నేనేదో పెద్ద పొడిచేస్తున్నానని విర్రవీగుతుంటే, వెనక నుంచి జాలి పడుతూ..."

"జాలా?" అక్క గొంతు అంత పెద్దదని ఆ గదిలో ఎవరికీ తెలీదు, ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన బావకి కూడా. "ఒసేయ్, నువ్వడిగితే కదా! చచ్చినా అడగవు. మూతి బిగించుకుని కూర్చుంటావు. నేను చూడలేక చేశాను. చేస్తే తప్పు, చెయ్యకపోతే ఆట ఆగుతుంది. వందేసి పోరాటాలు లెక్క కడతావు, ఎవడెన్ని దెబ్బలు కొట్టాడో ఒక్కటి వదలవు. నా పని ఎప్పుడైనా లెక్కలోకి వచ్చిందా? ఆ పుస్తకం తియ్యి. నా వైద్యురాలి వరస చదువు. పైకి చదువు!"

ప్రతి పోరాటంలో ఏ వంతుకి ఎవరేం చేశారో రాసే పుస్తకం అది, కాటా చేతిరాతలోనే. తెరిచింది. పాత మిల్లులో పోరాటం. బావ వీరుడు: రెండు దెబ్బలు. దర్జీ వీరుడు: ఒక దెబ్బ. వైద్యురాలు: ఏమీ చెయ్యలేదు. తర్వాతి వంతు. వైద్యురాలు: ఏమీ చెయ్యలేదు. పేజీ తిప్పింది. ఏమీ చెయ్యలేదు.

"ఏమీ చెయ్యలేదా?" అంది అక్క. "మిల్లులో చీకటిగా ఉందన్నావు. మీ బావ వీరుడి ఒక్క చేతిలో కత్తి ఉంది. మరి దీపం ఎవరు పట్టుకున్నారు? దర్జీ వీరుడి కవచం పట్టీలు ఎవరు కట్టారు? తాడు పట్టుకుని ఈ పెద్దాయన వీరుణ్ణి పైకి ఎవరు లాగారు? నేను చెప్తూనే ఉన్నాను, 'దీపం పట్టుకుంటాను, పట్టీలు కడతాను' అని. మీరంతా 'సరే సరే' అన్నారు. నువ్వు దెబ్బలే రాసుకున్నావు. నీ ముగ్గురు వీరుల నలభై ఐదు పాయింట్లూ నా ఒక్కదాని నెత్తిన పడ్డాయి."

మందులాయన మెల్లగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజమేనమ్మా. ప్రతిసారీ వైద్యురాలు మా వెనకే ఉండేది" అన్నాడు.

కాటా కూర్చుంది. ఎవరి మీద అరవాలో తెలీలేదు. అరవాల్సింది ఈ పుస్తకం రాసిన మనిషి మీద, ఆ మనిషి తనే. లాండ్రీ మేనేజరు తనని కుర్చీలో కూర్చోబెట్టి ఇది తేలిక పనన్నాడు. తను అక్కని ఇన్నేళ్ళు కూర్చోబెట్టి ఏమీ చెయ్యలేదని రాసింది. వాడు కనీసం దాన్ని పనేనన్నాడు.

పెన్సిల్ తీసుకుని మొదటి పేజీ నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముగ్గురు ఒంటిచేతి వీరులూ కలిసి చేసిన పోరాటాలు నలభై ఒకటి. వైద్యురాలు "ఏమీ చెయ్యని" వంతులు నూట పదమూడు. ఆ లెక్క అయ్యేదాకా ఎవరూ లేవలేదు. టీ చల్లారిపోయింది.

"బావా, సోమవారం అచ్చు లేదు" అంది.

"అది కాదు కాటా, ప్లేట్లు..."

"లేదన్నాను."

బావ భార్య మొహం చూశాడు. ప్రూఫుల కట్ట తీసి పక్కన పెట్టాడు.

ఆ వారం తువ్వాళ్ళు ఆరే నలభై నిమిషాల్లో కాటా మళ్ళీ పాచికలు వేసింది. ఈసారి ఒకడికి ఒకణ్ణి పెట్టలేదు, నలుగురికి నలుగుర్ని పెట్టింది. కవచాలు విప్పించి, దీపాలు చేతికిచ్చి, తలుపులకి గడియలు వేసి కొట్టించింది. గురువారానికి, అదే పదిహేనుకి, గెలుపులు నలభై ఎనిమిది, యాభై రెండు దగ్గర ఆగాయి. చాలనుకుంది. శుక్రవారం పేజీ కొత్తగా రాసిచ్చింది. బావ సణుక్కుంటూనే ప్లేటు మార్చాడు.

"ఒక చెయ్యి లేదు. తిరిగి వచ్చేవి 15 పాయింట్లు. రెండు చేతుల పని వచ్చినప్పుడు తోటివారిని నోరు తెరిచి అడగాలి. అడిగినవారికి ఒక వంతు పోతుంది. చేసినవారికి ఒక వంతు పోతుంది. చేసినవారు ఏం చేశారో పుస్తకంలో తప్పక రాయాలి."

ఆదివారం మధ్యాహ్నం అక్క సంచీలోంచి డబ్బా తీసి బల్ల మధ్యలో పెట్టింది. తన కుర్చీలో వెనక్కి జారగిలబడి చేతులు కట్టుకుంది. కాటా బొటనవేలితో తోసింది. మూత గట్టిగా ఉంది. అక్క మొహంలోకి చూసింది. అక్క గడియారం వైపు చూస్తోంది.

బావ మూతి మీద నవ్వు మొలుస్తోంది. "నవ్వారంటే మీ వీరుణ్ణి ఇవాళే చంపేస్తాను" అంది కాటా. ఆయన నవ్వు మింగేశాడు.

కాటా డబ్బాని అక్క ముందుకి తోసింది.

"అక్కా, మూత తియ్యి." తిట్టినట్టే అంది.

"ఏంటీ? వినపడలేదు."

"చెవుడికి ఆరు పాయింట్లు, రాసుకో. మూత తియ్యవే!"

అక్క తీరిగ్గా లేచి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, మూత తీసి పూర్తిగా పక్కన పెట్టింది. కాటా పుస్తకం తెరిచి ఆ రోజు పేజీలో మొదటి వరస రాసింది. "కాటా: అడిగింది, ఒక వంతు. అక్క: మూత తీసింది, ఒక వంతు." రాసినదాన్ని అందరికీ వినపడేలా పైకి చదివి, పాచికలు బల్ల మీదకి ఒంపి, దొంగల్ని లోపలికి పిలిచింది.